నైరుతి తలుపు

నవ్య సంచిలో అన్నిటికంటే ముందు స్వెట్టరు పెట్టాను. దాని మీద రెండు జతల బట్టలు, తువ్వాలు, చింతకాయ తొక్కు సీసా, నువ్వుల లడ్డూల డబ్బా. సంచి జిప్పు సగం దాకా వచ్చి ఆగిపోతుంది. అక్కడ కొవ్వొత్తి ముక్క రుద్దాలి. జిప్పు పడేదాకా పిల్ల కదలదు కదా అని మెల్లగా రుద్దుతూ కూర్చున్నాను.

పక్క పోర్షన్ యాదమ్మ గడపలో నిలబడి నవ్వింది.

“మిర్యాలగూడకు స్వెట్టరేందత్తా? గాడ గొంగడి పేరెత్తితెనే చెమట వడ్తది.”

“అది పోయే రూముల చలి ఉంటదట. మిషన్లకు చలి కావాల్నట.”

“ఈడ మనం కరెంటు లేక ఉడికిపోతున్నం, మిషన్లకు ఏసీనా! మల్ల జన్మల నన్ను మిషన్ లెక్క పుట్టియ్యమని మొక్కుకుంట.”

అవి సమ్మె రోజులు. తెలంగాణ కోసం అన్ని కొలువుల వాళ్ళూ పని మానేశారు. కోదాడ డిపోలో బస్సులు వరసగా నిలబడి దుమ్ము పట్టాయి. బొగ్గు తవ్వేవాళ్ళు లేక కరెంటు ఎప్పుడు వస్తుందో ఎప్పుడు పోతుందో తెలియదు. బతుకమ్మ ఆట మొదలైంది కూడా. ఇలాంటప్పుడు పిల్లను పంపడం నాకు ఇష్టం లేదు. మామూలు రోజుల్లో మాత్రం ఇష్టంగా పంపానా అంటే అదీ లేదు.

నవ్య తల దువ్వుకుంటూ వచ్చి సంచిలోకి తొంగి చూసింది.

“అమ్మమ్మా, లడ్డూలు నాకా, మొత్తం మిర్యాలగూడకా?”

“తిను, తినకుంటె పంచు. ఎన్ని రోజులే?”

“పండుగ దాక. ముందు జాగలు కోసి పెట్టాలె, తర్వాత పరీక్ష చెయ్యాలె.”

ఈ జాగల సంగతి నాకు ఆమె చాలాసార్లు చెప్పింది. చెప్పిన ప్రతిసారీ కొంత అర్థమయ్యేది. బ్యాంకులో కంప్యూటర్లు వేరే, అవి లెక్కలన్నీ దాచుకునే పెట్టెలు వేరే. రెండింటి నడుమ వెంట్రుకలంత సన్నని గాజు వైర్లు ఉంటాయి. ఏ కంప్యూటర్‌కు ఏ పెట్టెలో ఎంత చోటు అన్నది ముందే విభజించి, పేరు పెట్టి ఉంచాలి. అప్పటికి ఆ కంప్యూటర్లు ఇంకా వచ్చి కూడా ఉండవు. వచ్చిన రోజున తిన్నగా తమ చోటుకు వెళ్ళి కూర్చుంటాయి. మిల్లుల వాళ్ళంతా కలిసి పెట్టుకున్న ఒక సహకార బ్యాంకుకు సూర్యాపేటలో అట్లాంటి గది ఒకటి ఉంది. అది ఎప్పుడన్నా చెడిపోతే పని ఆగకూడదని మిర్యాలగూడలో రెండోది కడుతున్నారు. నవ్య పనిచేసే హైదరాబాదు కంపెనీకి ఆ పెట్టెలు బిగించే పని వచ్చింది.

“పుట్టని బిడ్డకు తొట్టెల కట్టొద్దంటరే,” అన్నాను.

“మా దాంట్ల పుట్టకముందే తొట్టెల కట్టాలె అమ్మమ్మా, పేరు గూడ రాసి అంటియ్యాలె. గందుకే నాకు జీతం.”

బయట జీపు హారన్ మోగింది. సూర్యాపేట గదిని చూసుకునే శివకుమార్ కంపెనీ కిరాయి జీపు తీసుకొచ్చాడు. నవ్య కంటే రెండు మూడేళ్ళు పెద్దవాడు, మెల్లగా మాట్లాడతాడు. వాడు సంచి అందుకుని, “అమ్మమ్మా, దీంట్ల నువ్వు గూడ కూసున్నవా? ఇంత బరువుంది,” అన్నాడు.

నవ్య నోట్లో చెంచాడు పెరుగు పోశాను. అది “పోయొస్త అమ్మమ్మా” అని చెప్పులు వేసుకుంది. మళ్ళీ పిలవాలనిపించింది, వెళ్ళేవాళ్ళను వెనక నుంచి పిలవకూడదు కనుక నోరు కట్టుకున్నాను. జీపు మలుపు తిరిగింది. ఇల్లు మాత్రం ఊడవలేదు. పోయినవాళ్ళు చేరినట్టు కబురు అందేదాకా మా ఇళ్ళల్లో చీపురు ముట్టరు.

ఇన్ని పట్టింపులు నాకు ఊరికే రాలేదు. మా ఆయన గొర్రెలను తోలుకుని మేతకని మాడుగులపల్లి వైపు వెళ్ళాడు. గొర్రెలు వెనక్కు వచ్చాయి, వాటిని తోలుకొచ్చింది మాత్రం వేరేవాళ్ళు. నా బిడ్డ గీత రెండో కాన్పుకని సూర్యాపేట దవాఖానకు వెళ్ళింది. “నవ్యకు పాలు పట్టు, పొద్దున్నే వస్తా” అన్నది. నవ్యకు పాలు పడుతూనే ఉండిపోయాను. దాని తండ్రి మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. పిల్ల నా దగ్గరే పెరిగింది. ఒకటో తరగతి వాచకం అది పైకి చదువుతుంటే పక్కన కూర్చుని నేనూ అక్షరాలు నేర్చుకున్నాను. అది పెద్ద చదువులకు పోయింది, నేను పేపర్ల దగ్గరా లైబ్రరీ పుస్తకాల దగ్గరా ఆగిపోయాను. కానీ దాని కంటే గట్టిగా చదువుతానని అది ఎగతాళి చేసేది. బస్సు బోర్డు అయినా సబ్బు కాగితం అయినా నేను పైకే చదువుతాను.

ఆ సాయంత్రం చేరానని ఫోన్ చేసింది. అప్పుడు ఊడ్చాను.

ఆ తర్వాత రోజూ పొద్దుగూకే వేళకు ఫోన్ వచ్చేది.

“ఇయ్యాల ఏం పని చేసినవే?”

“వైర్లు పీకిన.”

“బిగియ్యమని పంపితె పీకుతున్నవా?”

“బిగిచ్చినంక పీకాలె. గదే పరీక్ష. మిషన్ నడుస్తుండంగనే ఒక వైరు పీకుత. అది ఆగొద్దు. రెండో దారిలకెళ్ళి పోవాలె. ఒక డిస్కు గుంజేస్త, ఇంకోటి అందుకోవాలె. ఒక కరెంటు తీసేస్త, ఇంకో కరెంటు మీద నడవాలె. మా దాంట్ల దేనికైనా రెండు దార్లు ఉంటయమ్మమ్మా. ఒక్క దారి ఉన్నదంటే అది తప్పు కింద లెక్క.”

“గట్ల మనుషులకు గూడ ఉంటె బాగుండు.”

“ఇగ మొదలువెట్టినవ్. తిన్నవా?”

ఒకరోజు ఫోన్‌లో దాని గొంతు వేరుగా ఉంది. బ్యాంకు పెద్ద దశరథ సేటు, మిల్లు ఓనరు, ఆ రోజు వాస్తు సిద్ధాంతిని తీసుకొచ్చాడట. గది ఆయన పాత బియ్యం గోడౌనులోనే కట్టారు. సిద్ధాంతి దిక్సూచి పెట్టి చూసి, వెనక తలుపు నైరుతిలో పడిందని, అట్లాంటి ద్వారం ఉంటే యజమానికి నాశనమని చెప్పాడు. మేస్త్రీ అప్పటికప్పుడే ఇటుకలు దింపాడు.

“నేను సేట్ సార్‌తోని అన్న, సార్, నక్షల రెండు తలుపులున్నయి, మంటలొస్తె ఎనుకున్నోళ్ళు ఎట్ల బయటికి రావాలె అని. ఏమన్నడో తెల్సా? ‘మంటలు రావొద్దనే గదా బిడ్డా మూపిస్తున్న’ అన్నడు.”

అది సేటు గొంతును అచ్చం అట్లాగే పట్టి చెప్పింది. నాకు నవ్వు రాలేదు.

“మీ కంపెనీ సారుకు చెప్పరాదు?”

“చెప్పిన. మన పని పెట్టెల దాకనే, తలుపులు గోడలు కట్టెటోళ్ళ పని అన్నడు. గోడలు కట్టెటోళ్ళను అడిగితె సేటు చెప్పిండు గదా అంటున్రు.”

“నువ్వు వచ్చెయ్యి. ఆ రూములకు పోకు.”

“అమ్మమ్మా, లారీలెక్కువున్నయని వచ్చెయ్యమన్నవ్. నీళ్ళు మంచిగ లెవ్వని వచ్చెయ్యమన్నవ్. మొన్న కుక్కలున్నయని గూడ అన్నవ్. ప్రతిదానికి వచ్చేస్తె ఎట్ల?”

అది నిజమే. నేను కుక్కల గురించి కూడా అన్నాను. అన్నిటికీ భయపడే మనిషి మాట ఏ ఒక్కదానికీ పనికిరాదు. ఆ రాత్రి ఫోన్ పెట్టేశాక యాదమ్మతో చెప్పాను. “మా అక్కోళ్ళింట్ల గూడ నైరుతి వాకిలి మూస్తెనే మంచిగైందత్తా, సేటు మంచిపనే చేసిండు,” అన్నది. వీధిలో ఎవరిని అడిగినా అదే మాట చెప్పేవారు. నేను మాత్రం వాస్తు తెలియనిదాన్నా? దిక్కు తప్పిన వాకిలి అంటే నాకూ భయమే. ఆ తలుపు ఉన్నా భయమే, మూసినా భయమే అయింది.

దసరా దగ్గర పడింది. విజయదశమి నాడే గది ప్రారంభోత్సవం అని సేటు ఎప్పుడో ముహూర్తం పెట్టించాడు. ఆయుధాలకు, బండ్లకు పూజ చేసే రోజు అది, పెట్టెలకు కూడా అదే రోజన్నాడు.

“దసరా నాడు నువ్వే రా అమ్మమ్మా,” అంది నవ్య. “నా పని నువ్వెప్పుడు చూసినవని? జమ్మి ఆకు గీడనే పెడుదువు. సాయంత్రం ఇద్దరం కల్సి ఇంటికి పోదాం.”

యాదమ్మ భర్త చంద్రయ్యకు ఆటో ఉంది. పొద్దున్నే బయలుదేరాం. హుజూర్‌నగర్ దాటాక గరిడేపల్లి మీదుగా రోడ్డు పోతుంది. అది నేను పుట్టిన ఊరు. సాగర్ నీళ్ళు పారి రెండు వైపులా వరి పొట్ట మీద ఉంది. “పెద్దమ్మా, పాలపిట్ట!” అని చంద్రయ్య ఆటో ఆపాడు. కరెంటు తీగ మీద కూర్చుని ఉంది. దసరా నాడు పాలపిట్ట కనపడితే అంతా మంచే జరుగుతుందంటారు. చేతులెత్తి మొక్కాను. ఎప్పుడూ ఇంట్లో కూర్చుని ఎదురుచూసేదాన్ని, ఈసారి నేనే వెళ్ళి పిల్లను ఇంటికి తెచ్చుకుంటున్నాను. నిజం చెప్పాలంటే ఆ దారిలో కొంతసేపు నాకు భయం వేయలేదు.

మిర్యాలగూడలో గాలికే తవుడు వాసన. గోడౌను ముందు షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు, సన్నాయి మేళం. మిల్లుల ఊక ఎగిరి కుర్చీల మీద పడుతుంటే హమాలీలు తువ్వాలతో తుడుస్తున్నారు. నవ్య పట్టు లంగా కట్టుకుని దాని మీద నేను పెట్టిన స్వెట్టరు వేసుకుని ఎదురొచ్చింది.

“గిదేం అవతారమే!”

“లోపల చలి, బయట పండుగ. రెండింటికి కలిపి తయారైన.”

చెప్పులు విప్పించి లోపల వరండాలోకి తీసుకుపోయింది. పెద్ద అద్దం గోడ అవతల గది. నల్లని బీరువాల్లాంటివి గదికి అడ్డంగా వరసగా నిలబెట్టారు. వాటి ముందు కొంత నడవ, వెనక కొంత నడవ. మెరిసే పచ్చ దీపాలు. కొన్ని అరలు ఖాళీగా ఉన్నాయి, ఆ ఖాళీల మీద కూడా పేర్లు రాసిన చిన్న పట్టీలు అంటించి ఉన్నాయి.

“గవే తొట్టెలలు,” అంది నవ్య. “బిడ్డలు గా అట్టపెట్టెల్ల ఉన్నరు. సమ్మెకు భయపడి లారీవాడు ముందుగాలనే దించి పోయిండు.”

అట్టపెట్టెలు వెనక నడవలో ఒక కొసన పైకప్పు దాకా పేర్చి ఉన్నాయి. పెట్టడానికి వేరే చోటు లేదట. ఆ నడవలోంచి ముందుకు రావాలంటే రెండో కొస నుంచి చుట్టూ తిరిగి రావాల్సిందే. వెనక గోడ కొత్త సిమెంటు పూతతో ఇంకా తడిగా కనపడింది. దాని పైన పచ్చని బోర్డు ఒకటి వెలుగుతోంది. అందులో పరిగెత్తే మనిషి బొమ్మ, కింద అక్షరాలు. అలవాటు కొద్దీ పైకి చదివాను. “బయటికి దారి.”

“ఏడున్నదే దారి? గోడ గదా?”

“గదే మూపిచ్చిన తలుపు. బోర్డు తీసెయ్యమంటె, వైరు గోడల ఉన్నది, సమ్మె అయినంక ఎలక్ట్రిషన్ వస్తడు అన్నరు.” నవ్య బోర్డు వైపు చూసి మూతి విరిచింది. “ఇంకోటి గూడ పరేషాన్ ఉన్నదమ్మమ్మా.”

గదిలో పొగ వస్తే వాటంతట అవే గ్యాసు వదిలే సిలిండర్లు బిగించారు. అది మంటను ఆర్పుతుంది. ఆ గాలిలో మనిషికి కూడా ఊపిరి ఆడదు. అందుకని ముందు సైరన్ మోగుతుంది, అందరూ బయటికి వచ్చెయ్యాలి. పూజ చేసేటప్పుడు దాన్ని ఆపి ఉంచాలి. ఆపే తాళంచెవి ఆ సిలిండర్లు బిగించిన పౌలు అనే మనిషి దగ్గర ఉంది. పౌలు పొద్దున్నే హైదరాబాదులో బయలుదేరాడు. నార్కట్‌పల్లి దగ్గర సమ్మెవాళ్ళు రోడ్డు మీద వంటలు చేస్తూ బండ్లు ఆపేశారట. నవ్య నా ముందే మళ్ళీ ఫోన్ చేసింది. ఆ పక్క నుంచి డప్పుల మోత నాకు కూడా వినిపించింది.

“అక్కా, కదలనిస్తలేరు. బువ్వ తినిపో అంటున్రు గని రోడ్డు ఇస్తలేరు. నేను వచ్చేదాక లోపల అగర్‌బత్తి గూడ ముట్టియ్యనియ్యకు.”

నవ్య సేటు దగ్గరికి వెళ్ళింది. నేను వెనకే వెళ్ళాను. తెల్లని ధోవతి, చల్లని ముఖం. చెడ్డ మనిషి కాదు. నన్ను చూసి లేచి దండం పెట్టాడు.

“సార్, హారతి జర ఆపుదాం. పౌలు వచ్చినంక ఇద్దాం.”

“ముహూర్తం ఆగుతదా బిడ్డా?”

“అయితె హారతి బయటనే ఇయ్యున్రి సార్. లోపల కొబ్బరికాయ, పసుపు కుంకుమ చాలు. పొగ వద్దు.”

సేటు పూజ చేయించే అయ్యగారి వైపు చూశాడు. అయ్యగారు గడప బయట నిలబడి అద్దంలోంచి చూపినా చెల్లుతుందన్నాడు.

“సరే, నీ మాటే కానియ్. కని ఒకటి. వచ్చినోళ్ళందరికి నువ్వు ఆ వైరు పీకేది చూపియ్యాలె. రెండు దార్లున్నయని నేను అందరికి చెప్పుకున్న.”

“చూపిస్త సార్,” అని నవ్య నవ్వింది. గెలిచినట్టుంది దానికి. నా చెయ్యి నొక్కి, “చూసినవా, ఇన్నడు” అంది. శివకుమార్‌ను తలుపు దగ్గర నిలబెట్టి, తను వైర్లు ఉండే వెనక నడవలోకి వెళ్ళింది. బీరువాల సందుల్లోంచి ఆ స్వెట్టరు ఎరుపు అక్కడక్కడా కనపడుతోంది. నేను వరండాలో అద్దానికి దగ్గరగా నిలబడ్డాను.

అయ్యగారు లోపల బీరువాలకు బొట్లు పెట్టాడు. సేటు గుమ్మంలో కొబ్బరికాయ కొట్టాడు. చుట్టాలు, బ్యాంకు వాళ్ళు ముందు నడవలో ఇరుక్కుని నిలబడ్డారు.

“ఇగ చూడున్రి,” అన్నాడు సేటు. “మా అమ్మాయి ఎనుకకెళ్ళి వైరు పీకుతది. పీకినా మన బ్యాంకు ఆగదు.”

ఒక పచ్చ దీపం నారింజ రంగుకు మారింది. మిగతావి అట్లాగే మెరుస్తున్నాయి. తెర మీద అంకెలు ఆగకుండా నడుస్తున్నాయి. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

అప్పుడే సేటు తల్లి రాజమ్మ గడప బయట అయ్యగారి పళ్ళెం తీసుకుంది. తొంభై ఏళ్ళ మనిషి. పళ్ళెంలో గుప్పెడు కర్పూరం మండుతోంది.

“దేవుడు లోపట, హారతి బయటనా? ఏం శాస్త్రంరా మీది?” అంటూ గడప దాటింది.

మండే హారతికి ఎవరూ చెయ్యి అడ్డం పెట్టరు. దాన్ని ఊది ఆర్పరు. పట్టుకుని వచ్చేది ఇంటికి పెద్దది. అందరూ తప్పుకుని దారి ఇచ్చారు. శివకుమార్ చెయ్యి సగం లేపి ఆగిపోయాడు. సేటు “అమ్మా...” అన్నాడు, అంతే. వెనక నుంచి నవ్య అరుపు వినిపించింది. “పెద్దమ్మా, లోపలికొద్దు! శివా, పళ్ళెం బయటికి తీస్కపో!” సన్నాయి మధ్యలో ఆ అరుపు ఎంతమంది విన్నారో తెలియదు. రాజమ్మ ఒక్కో బీరువా ముందు ఆగి, పళ్ళెం మూడు చుట్లు తిప్పుతూ, కళ్ళకద్దుకుంటూ నడిచింది. నల్లని సన్నని పొగ నిట్టనిలువుగా పైకి వెళ్ళింది.

సైరన్ మోగింది.

జనం చప్పట్లు కొట్టారు. ప్రారంభోత్సవంలో అది కూడా ఒక భాగం అనుకున్నారు. సైరన్ తర్వాత ఇంగ్లీషులో ఎవరో ఆడమనిషి గొంతు ఏదో చెప్పింది. ఒకాయన దాన్ని ఫోన్‌లో వీడియో తీశాడు. శివకుమార్ మాత్రం “బయటికి! అందరు బయటికి!” అని అరుస్తూ దొరికినవాళ్ళను దొరికినట్టు గుంజాడు. అప్పుడు తోపులాట మొదలైంది. ఉన్నది ఒక్క తలుపు. చివరికి శివకుమార్ రాజమ్మను రెండు చేతులతో ఎత్తుకుని బయటపడ్డాడు. పళ్ళెం ఇంకా ఆమె చేతిలోనే ఉంది. తలుపు దానంతట అదే మూసుకుంది.

లోపల పెద్ద ఈల లాంటి మోత. అద్దం అవతల అంతా తెల్లబడిపోయింది.

“నవ్యేది?” అన్నాను.

శివకుమార్ జనంలోకి చూశాడు. “ముందట వచ్చింది గద అమ్మమ్మా? వచ్చింది గదా?” అన్నాడు. తర్వాత వాడి ముఖం మారింది.

వాడు తువ్వాల తడిపి ముక్కుకు కట్టుకుని లోపలికి వెళ్ళాడు. రెండడుగుల్లోనే మోకాళ్ళ మీద పడ్డాడు. కాళ్ళు పట్టుకుని బయటికి లాగారు. మళ్ళీ వెళ్ళబోతే నలుగురు పట్టుకున్నారు. నేను అద్దాన్ని రెండు చేతులతో కొట్టాను. చాలా మందపు అద్దం, చప్పుడు కూడా కాలేదు. తెల్లదనంలో పైన పచ్చని బోర్డు ఒక్కటే మసకగా కనపడుతోంది. బయటికి దారి.

“ఎనుక తలుపు తియ్యున్రి,” అని అరిచాను. “ఎనుక తలుపు తియ్యున్రయ్యా!” అక్కడ తలుపు లేదని నాకు తెలుసు.

హమాలీలకు అర్థమైంది. గడ్డపారలు పట్టుకుని గోడౌను చుట్టూ పరిగెత్తారు. గోప్యా అనే హమాలీ మొదటి దెబ్బ వేశాడు. కొత్త ఇటుక, తడి సిమెంటు, తొందరగానే పగిలింది. తొందరగా అంటున్నాను గాని ఎంతసేపో నేను చెప్పలేను. సేటు నేల మీద కూర్చుని, “ఇంకా కొట్టున్రి, మొత్తం కూలగొట్టున్రి,” అని ఏడుస్తున్నాడు. లోపలి చల్లని గాలి బయటికి వచ్చి మా కాళ్ళకు తగిలింది.

నవ్య ఆ గోడకు లోపలి పక్కనే ఉంది. నడవకు ఒక కొసన అట్టపెట్టెలు. ఇంకో కొస నుంచి ముందుకు రావాలంటే వరస మొత్తం చుట్టి, తోపులాటలో ఉన్న తలుపు దాకా రావాలి. తెల్లని పొగలో ఏమీ కనపడక వెలుగుతున్న బోర్డు వైపు వెళ్ళిందో, లేక నక్షలో ఉన్న తలుపే ఆ క్షణంలో దానికి గుర్తుకు వచ్చిందో ఎవరికి తెలుసు. ఆ తలుపు మూశారని నాకు ఫోన్‌లో చెప్పింది అదే. గోడకు ఆనుకుని, నిద్ర వచ్చి కూర్చున్నట్టు కూర్చుని ఉంది. చేతిలో పీకిన వైరు కొస.

జీపులో దవాఖానకు తీసుకుపోయారు. డాక్టరు బయటికి వచ్చి శివకుమార్‌తో మాట్లాడాడు, నాతో మాట్లాడలేదు. అప్పుడు నేను జమ్మి ఆకు కొంగున కట్టుకుని ఉన్నాను. పిల్ల చేతిలో పెడదామని తెచ్చింది.

పౌలు సాయంత్రానికి చేరాడు. తాళంచెవి చేతిలో పట్టుకుని దవాఖాన మెట్ల మీద కూర్చున్నాడు. ఎవరూ అతన్ని ఏమీ అనలేదు. నేను ఎవరిని ఏమనాలి? రాజమ్మ దేవుడికి హారతి ఇచ్చింది. సేటు నష్టం రావద్దని తలుపు మూసుకున్నాడు. పొద్దున పాలపిట్టకు మొక్కింది నేనే. అందరం కీడు తప్పించుకోవాలనే చూశాం.

మిషన్లు ఆగలేదట. శివకుమార్ తర్వాత ఎప్పుడో చెప్పాడు. వైరు పీకిన దగ్గర నుంచి రెండో దారి మీద తెల్లవార్లూ నడుస్తూనే ఉన్నాయి. ఒక్క అంకె కూడా పోలేదు. నవ్య పేర్లు అంటించిన అరల్లో ఆ కంప్యూటర్లు వచ్చి కూర్చున్నాయి. గోడ పగిలిన చోట తలుపు పెట్టారు. మొదట ఉండాల్సిన తలుపే.

వాడే నవ్య సంచి కోదాడకు తెచ్చి ఇచ్చాడు. జిప్పు సగంలో ఆగి ఉంది. లోపల బట్టలు, తువ్వాలు, లడ్డూల డబ్బాలో అడుగున కొన్ని లడ్డూలు. స్వెట్టరు లేదు, అది దాని ఒంటి మీదే పోయింది. శివకుమార్ సంచి కింద పెట్టాడు. “వస్త అమ్మమ్మా” అన్నాడు. తల ఊపాను. వాడు ఇంకా వీధి మలుపు తిరగకముందే యాదమ్మ చీపురు పట్టుకుని మా వాకిలి ఊడ్చింది. నేను వద్దనలేదు.

నా మనవరాలు నవ్య మిర్యాలగూడ నుంచి తిరిగి రాలేదు. 2011 అక్టోబరు ఆరు, గురువారం, విజయదశమి.